వేషం, వయస్సు, తీరిక

పోయిన ఏడు మల్లయ్యకొండ శివరాత్రి తిరునాళ్ల ముగిసిన కొన్నాళ్లకు, తంబళ్లపల్లె దాపున మా పల్లెలో వీధినాటకం ఆడారు. కథ ద్రౌపదీ వస్త్రాపహరణం. ధర్మరాజు వేషం కట్టినవాడు మా నాయన. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. మూడెకరాల మెట్టలో వేరుసెనగ, బోరు కింద టమాటా పండించడం తప్ప వేరే వ్యాపకం ఎరుగని మనిషి. అంతకు ముందు ఏనాడూ ముఖానికి రంగు పూసుకున్నవాడు కాడు.

ఈ వార్త ఇంటినుంచి తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు. దాచిపెట్టడం ఎందుకు? తరగతి గదిలో సభాపర్వం పాఠం చెప్పేవాణ్ణి, సభల్లో ప్రజాకళల గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఆ కళ నా గడపలోకి వచ్చి, నా తండ్రి భుజాలకు భుజకీర్తులు కట్టేసరికి నా ఉపన్యాసాలన్నీ నాలుక మీదనే ఆరిపోయాయి. "ఈ వయసులో నీకెందుకు నాయనా ఇదంతా?" అన్నాను. ఆయన చెప్పిన సమాధానం ఇది: "నువ్వు కాలేజీలో చెప్పేదీ భారతమే, నేను వీధిలో చెప్పబోయేదీ భారతమే. నీకు జీతమిస్తారు, నేను ఎదురిస్తా. అంతే గదరా తేడా!"

ఆయన ఎదురిచ్చిన మాట నిజం. ఒద్దికలు చేయించిన అయ్యవారికి ఇవ్వవలసిన దానిలో తన వంతు, కిరీటానికీ గజ్జెలకూ బాడుగలో తన వంతు ఇచ్చుకున్నాడు. కష్టపడినవాడే కూలి ఇచ్చుకోవడమేమిటన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దాన్ని పట్టుకుని మన రంగస్థల చరిత్రను మళ్లీ ఒకసారి తిరగేశాను. అలా తిరగేసినప్పుడు తోచిన విషయాలను ఈ వ్యాసంలో పాఠకుల ముందు పెడుతున్నాను.

నడివయసు దాటిన తర్వాత నటనకు పూనుకున్నవాళ్ల గురించి మన పత్రికలు తరచు రాస్తూనే వుంటాయి. ఆ రాతలన్నింటిలో ఒకటే ధోరణి: ఆ మనిషి పట్టుదల గొప్పది, అతనిలో ఇన్నాళ్లు నిద్రాణమై వున్న ప్రతిభ మేల్కొన్నది, కళకు వయసు అడ్డు కాదు. ఈ మాటల్లో అబద్ధం లేదు, కాని చరిత్ర కూడా లేదు. ప్రతిభ అన్నాళ్లు ఎందుకు నిద్రపోయింది? దాన్ని ఎవరు నిద్రపుచ్చారు? ఏ పరిస్థితి మారినందువల్ల అది మేల్కొనగలిగింది? ఈ ప్రశ్నలు వేయకపోతే సామాజిక సమస్య కాస్తా వ్యక్తి మహిమగా మారిపోతుంది. నా వాదం ఒక్కటే: మనిషి ఎంత వయసులో వేషం కట్టగలడన్నది ప్రధానంగా తీరిక సమస్య, తీరిక వర్గ సమస్య. పైగా ఆ తీరిక ఎవరో ఒకరి శ్రమలోనుంచి పుట్టుకొచ్చేదే.

ముందుగా నటుడి పట్ల మన ప్రాచీన సమాజం చూపిన దృష్టిని గమనించాలి. కొత్తగా గ్రామాలను నిలిపే విధానం చెబుతూ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఒక నియమం పెట్టాడు: నటులు, నర్తకులు, గాయకులు మొదలైనవాళ్లు పల్లెల్లో జనం పనికి విఘ్నం కలిగించరాదు, అక్కడ వినోదశాలలు కట్టరాదు. కారణం కూడా ఆయన దాచలేదు. పల్లెవాడి మనసు పొలం మీద వుంటేనే రాజు బొక్కసం నిండుతుంది, ధాన్యం పెరుగుతుంది. అంటే రైతుకు తీరిక ప్రమాదకరమన్న సంగతి రాజ్యానికి ఆనాడే తెలుసు. ఇక మనువు నటుడి చేతి అన్నాన్ని నిషేధించాడు. సాక్ష్యం చెప్పడానికి పనికిరానివాళ్ల జాబితాలో చేతిపనివాళ్ల పక్కన కుశీలవుణ్ణి, అంటే నటుణ్ణి, కూర్చోబెట్టాడు. ఇతరుల మాటలు చెప్పి బతికేవాడి మాటకు విలువ లేదని దీని తాత్పర్యం కాబోలు.

ఈ శాసనాలు వున్నా పల్లెల్లో ఆట ఆగలేదు. మా ప్రాంతంలో వీధినాటకం ఇప్పటికీ రైతుల ఆట, కూలీల ఆట. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు చూసినవాళ్లకు దీని బలం తెలుస్తుంది. 18 రోజులు పగలు భారత కథాకాలక్షేపం, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు నాడు ఎత్తయిన మాను ఎక్కుతారు. చివరినాడు నేల మీద మట్టితో చేసిన బ్రహ్మాండమైన దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధ జరుగుతుంది. ఆనాడు భీముడైనవాడు మర్నాడు మడవ కట్టడానికి పోతాడు. ఆ వేషధారుల్లో ఇరవై ఏళ్లవాడూ వుంటాడు, అరవై ఏళ్లవాడూ వుంటాడు. అరవై ఏళ్లవాణ్ణి చూసి "ఆలస్యంగా వచ్చాడు" అని అక్కడ ఎవరూ అనరు. తండ్రి కట్టిన వేషం తండ్రి మోకాళ్లు సహకరించనప్పుడు కొడుక్కి వస్తుంది. కొడుకు బెంగుళూరులో కట్టడం పనికి పోతే మళ్లీ తండ్రికే వస్తుంది. ఎదిగే పిల్లల బాధ్యత తీరిన తర్వాత వేషం కట్టడమనేది అక్కడ వింత కాదు. "ఆలస్యం" అనే మాట గడియారాన్ని బట్టి, జీతాన్ని బట్టి, పదవీవిరమణ తేదీని బట్టి బతికే మన మధ్యతరగతి భాషలోది.

అయినంత మాత్రాన పల్లెను స్వర్గంగా చిత్రించడం నా వుద్దేశం కాదు. పల్లెలో కూడా అందరికీ సమానమైన తీరిక లేదు. మా మెట్ట ప్రాంతంలో వేరుసెనగ ఒలిచి అమ్ముకున్న తర్వాత, చెరువులో నీళ్లు లేనప్పుడు, రైతుకు దొరికే ఖాళీ నెలలే నాటకం నెలలు. భూమి వున్నవాడికి అవి ఖాళీ నెలలు. భూమి లేనివాడికి అవే పస్తుల నెలలు, వలస నెలలు. ఎవరు రాజు వేషం కట్టాలి, ఎవరు కాగడా పట్టాలి, ఎవరు దూరంగా కూర్చుని చూడాలి అన్న వ్యవహారాన్ని ఎన్నో చోట్ల కులం నిర్ణయించింది. మా నాయన 58వ ఏట ధర్మరాజు కాగలిగాడంటే అందుకు ఆయనకున్న మూడెకరాలూ, నా జీతంలోనుంచి ఇంటికి పోయే భాగమూ కారణమే. మా పొలంలో కలుపు తీసిన మనిషికి ఆ వయసులో ఆ అవకాశం రాలేదు.

వీధిలోనుంచి వేదిక మీదికి వస్తే ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాయలసీమలో ఆధునిక రంగస్థలానికి పురిటిల్లు బళ్లారి. దాన్ని పెంచినవాళ్లు ప్లీడర్లు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టాడు, బళ్లారిలో వకీలు. ఆయన చిత్రనళీయం 1887లో రంగమెక్కింది. అంటే అప్పటికి ఆయనకు 34 ఏళ్లు, వృత్తిలో స్థిరపడిన మనిషి. సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు రాశాడు, ఆడించాడు, స్వయంగా వేషాలు కట్టాడు. ఆయనకు పోటీగా సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు కూడా వకీలే. కోర్టు సాయంత్రానికి మూతపడుతుంది. కక్షిదారు ఇచ్చిన ఫీజు ఇల్లు గడుపుతుంది. మాట్లాడి మెప్పించే నేర్పు వృత్తిరీత్యా అలవడుతుంది. వలసపాలన సృష్టించిన ఈ కొత్త వర్గం చేతిలో చదువు, సొమ్ము, సాయంత్రాలు మూడూ చేరాయి. ఆధునికాంధ్ర రంగస్థలం ఆ సాయంత్రాల్లో పుట్టింది.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) ఈ వర్గానికి శిఖరం. తాడిపత్రిలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, క్రిమినల్ లాయరుగా గొప్ప పేరు తెచ్చుకున్నాడు. పగలు సాక్షులను ప్రశ్నించేవాడు; రాత్రి, సాక్ష్యానికే పనికిరాడని మనువు తోసివేసిన కుశీలవుడయ్యేవాడు. కోలాచలంవారి రామరాజు చరిత్రలో ఆయన పఠాను రుస్తుం పాత్ర సీమ అంతటా చెప్పుకున్న పాత్ర. పద్యాన్ని రాగం తీసి సాగదీయడం కన్న మనిషి మనసును ముఖంలో చూపడం నటనకు ప్రాణమని ఆయన నమ్మాడు, ఆచరించాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలను వేదిక మీదికి తెచ్చాడు. ఈ కృషి విప్లవాత్మకమైనది, అందులో సందేహం లేదు.

కాని ఒక్క విషయం మనం గుర్తించక తప్పదు. రాఘవకు నాటకం మీద బతకవలసిన అవసరం లేదు. ఆ అవసరం లేకపోవడమే ఆయన గౌరవానికి రక్ష. ఔత్సాహిక నటుడు అన్న మాటలో అభినందన ఎంత వుందో, డబ్బు పుచ్చుకుని ఆడేవాడి మీద చులకన కూడా అంతే వుంది. ఊరూరా తిరిగి డేరాలు వేసి పొట్ట పోసుకున్న సమాజాలవాళ్లను "నాటకాలవాళ్లు" అన్నారు. ప్లీడరుగారిని మాత్రం "నటశేఖరుడు" అన్నారు. కూలి పుచ్చుకోకపోవడం కళకు పవిత్రత అని చెప్పడం సులభమే, కూలి అవసరం లేనివాడికి. మా నాయన ఎదురిచ్చి ఆడడంలో కూడా ఈ పాత విలువ నీడ వుంది. ఎదురిచ్చినంత కాలం ఆయన మర్యాదస్తుడైన రైతు. చేయి చాచిన క్షణం ఆయనా నాటకాలవాడే.

సినిమా వచ్చి ఈ లెక్కను కొంత తారుమారు చేసింది. రాఘవ మొదటిసారి తెర మీద కనిపించింది 1936లో, ద్రౌపదీ మాన సంరక్షణంలో. అప్పటికి ఆయనకు 56వ ఏడు నడుస్తూ వుంది. మూడేళ్లకు గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో (1939) రైతుగా నటించాడు. జమీందారీ వ్యవస్థను ఎదిరించిన రైతు కథ అది. జమీందార్లు మండిపడ్డారు; చిత్ర ప్రదర్శన కొన్ని చోట్ల నిషేధానికి గురైంది. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక వున్నది చల్లపల్లి జమీందారే కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. ఆ చిత్రంలోనే గిడుగు రామమూర్తి కుమారుడు, భాషావేత్త గిడుగు వెంకట సీతాపతి కూడా నటించాడు. 1885లో పుట్టిన మనిషి. 54 ఏళ్ల వయసులో కెమెరా ముందు నిలబడ్డాడు. తండ్రి వ్యవహార భాష కోసం జీవితమంతా పోరాడితే, కుమారుడు జనం చూసే తెర మీదికే వచ్చాడు. అంతకు ఏడాది ముందు అదే రామబ్రహ్మం మాలపిల్లలో (1938) ఛాందస బ్రాహ్మణుడి పాత్రకు డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావును తీసుకున్నాడు. ఆయన తెనాలిలో వైద్యుడు, రంగస్థలం మీద పేరున్న నటుడు, అప్పటికి వయసు 43. ఇలా ప్లీడరూ, పండితుడూ, వైద్యుడూ నడివయసులో తెర మీదికి రావడం కాకతాళీయం కాదు. సాంఘిక చిత్రానికి నిజమైన ముఖాలు కావలసి వచ్చాయి. సమస్య గురించి మాట్లాడే సినిమాకు, ఆ సమస్యను జీవితంలో చూసిన మనుషులు కావలసి వచ్చారు. పౌరాణికంలో వయసును రంగు పూసి దాచేవారు. సాంఘికంలో అదే వయసు పెట్టుబడి అయింది.

మా ఉమ్మడి జిల్లా పేరును ఇంటిపేరు చేసుకున్న చిత్తూరు నాగయ్య సంగతి ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన పుట్టింది రేపల్లెలో, 1904లో. చిత్తూరు రామవిలాస సభ నాటకాల వల్ల ఆ వూరి పేరు ఆయనకు అంటుకున్నది. గుమాస్తా పని చేశాడు, పత్రికా విలేఖరిగా పని చేశాడు. గృహలక్ష్మి చిత్రంతో 1938లో సినిమాలో అడుగుపెట్టేనాటికి 34 ఏళ్లు. ఆ తర్వాత వందేమాతరం, సుమంగళి, దేవత; పోతన, వేమన, త్యాగయ్య. తెలుగుదేశం తన మహనీయుల ముఖాలను ఆయన ముఖంలో చూసుకున్నది. 1965లో పద్మశ్రీ వచ్చింది. 1973లో ఆయన కన్నుమూసేనాటికి మాత్రం చేతిలో చిల్లిగవ్వ మిగలలేదు. ఆయన దానగుణాన్ని కథలుగా చెప్పుకుని మనం తృప్తి పడతాం. ప్లీడరుకు ప్రాక్టీసు వుంది, గుమాస్తాకు పెన్షను వుంది, ఆ గుమాస్తా పని విడిచి నటుడైనవాడికి వృద్ధాప్యంలో ఏముంది అన్న ప్రశ్న మాత్రం వేసుకోం. సినిమా నటుడికి కూలి ఇచ్చింది, భద్రత ఇవ్వలేదు.

ఈ రెండు దారులకూ భిన్నమైన మూడో దారి 1943లో తెరుచుకున్నది. అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిన ఆ సంవత్సరమే అఖిల భారత ప్రజానాట్యసంఘం ఏర్పడింది; ఆంధ్రలో ప్రజానాట్యమండలి తయారైంది. వైద్యవిద్య చదివిన గరికపాటి రాజారావు తన వృత్తి కన్న నాటకాన్నే ముఖ్యంగా ఎంచుకుని మండలిని నడిపాడు. సుంకర, వాసిరెడ్డి జంట రాసిన ముందడుగు, మాభూమి నాటకాలు వూరూరా ఆడారు. షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ప్రాణం పోశాడు. ఈ వుద్యమంలో నటుడిని అడిగిన ప్రశ్న "నీ వయసెంత, నీ గొంతు ఎంత పైకి పోతుంది?" అన్నది కాదు, "ఈ మాట నీదేనా?" అన్నది. జమీందారు గుమాస్తా చేత దెబ్బలు తిన్న రైతుకు రైతు వేషం కట్టడానికి ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర లేదు. మనిషి చిన్ననాటినుంచి ఇతరులను చూసి, అనుకరించి నేర్చుకుంటాడనీ, నటన నిత్యజీవితంలోనే వుందనీ ఔత్సాహిక రంగస్థలం గురించి రాస్తూ జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ గుర్తుచేశాడు. ఆ సత్యాన్ని మన మండలి ఆచరణలో పెట్టింది. ప్రభుత్వ నిర్బంధం మీద పడకపోతే ఆ దారి ఎంత దూరం పోయి వుండేదో ఊహించవచ్చు. నిర్బంధం తర్వాత అందులోని నటులెందరో సినిమాలో తలదాచుకున్నారు. రాజారావు స్వయంగా 1953లో పుట్టిల్లు తీశాడు.

స్వాతంత్ర్యం తర్వాత ప్లీడరు స్థానాన్ని జీతగాడు ఆక్రమించాడు. తెర మీద ఆలస్యంగా వెలిగినవాళ్లను వరసగా చూడండి. జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. తమ్ముడు రమణమూర్తితో కలిసి కన్యాశుల్కాన్ని ఏళ్ల తరబడి ఆడిన మనిషి. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు గాని, నడివయసు దాటిన తర్వాత గాని, దేశం ఆయన్ను గుర్తించలేదు. గొల్లపూడి మారుతీరావు పత్రికలో పని చేశాడు. ఆంధ్రప్రభ చిత్తూరు కూర్పు మొదలైనప్పుడు 1960లో ఇక్కడికి వచ్చాడు. తర్వాత ఆకాశవాణి ఉద్యోగి. తెర మీద నటుడిగా ఆయన మొదలైంది 1982లో, ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్యతో, 43 ఏళ్లకు. ఇద్దరికీ జీతం అండగా నిలిచింది. అదే జీతం సంకెల కూడా అయింది. ప్రభుత్వోద్యోగి ఇతర సంపాదన వ్యాపకం పెట్టుకోవాలంటే పైవారి అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఈ సంగతిని స్పష్టంగా చెబుతుంది. అంటే మనిషి పగటి కాలమే కాక, అతని ముఖం కూడా యజమాని అదుపులోనే వుంటుంది. మనవాళ్లలో ఎందరి నటన పదవీవిరమణ కాగితంతో బాటు మొదలవుతున్నదో, ఎందుకు మొదలవుతున్నదో ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది.

సీమవాళ్లమైన మనకు ఇంతకన్న చేదైన వుదాహరణ ఒకటుంది. జయప్రకాశ్ రెడ్డి అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్లవాడు, ఉపాధ్యాయుడు. బ్రహ్మపుత్రుడు (1988) నాటికి నలభై దాటాయి. ప్రేమించుకుందాం రా (1997), సమరసింహారెడ్డి (1999) వచ్చేసరికి యాభైకి చేరాడు. సీమ యాసను, సాగతీత లేకుండా, వెక్కిరింత లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడి మెప్పించాడు. అలెగ్జాండర్ అనే నాటకాన్ని ఒక్కడే నడిపిన సమర్థుడు. అటువంటి నటుడికి, యాభై ఏళ్లు ఆగి వచ్చిన నటుడికి, వ్యాపార సినిమా ఏ పాత్ర ఇచ్చింది? కత్తి పట్టిన ఫ్యాక్షనిస్టు పాత్ర. మన భాష తెర మీదికి వచ్చిందని మనం ఈల వేశాం. ఆ భాషను హంతకుడి నోట మాత్రమే పెట్టారని ఆలస్యంగా గ్రహించాం. వేరుసెనగ ఎండిపోయిన రైతు, బోరు వేసి అప్పులపాలైన రైతు అదే యాసలో ఏడుస్తాడన్న సంగతి ఆ సినిమాలకు అక్కరలేకపోయింది. నటుడు వేదిక చేరడం ఒక విజయం. చేరిన తర్వాత అతనికి ఏ మాట అప్పగిస్తారన్నది వేరే పోరాటం. 2020లో ఆయన మరణించినప్పుడు వచ్చిన సంతాపాల్లో ఈ రెండో విషయాన్ని తడిమినవాళ్లు నాకు కనిపించలేదు.

ఇంతవరకు నేను పేర్కొన్న ఆలస్యపు నటులందరూ పురుషులే. ఇది నా వ్యాసంలోని లోపమని పాఠకులు ఈపాటికి గ్రహించే వుంటారు. నేను మాత్రం మా అమ్మ మాట వినేదాకా గ్రహించలేదు.

నాటకం జరిగిన మర్నాడు వూరంతా మా నాయనను మెచ్చుకుంటూ వుంది. "రాజంటే నీ మొగుడేమ్మా" అని ఎవరో ఆమెతో అన్నారు. ఆమె పాలచెంబు కింద పెట్టకుండా నాతో అన్నది: "మూడు నెల్లు సాయంత్రమైతే మీ నాయన ఒద్దికకు పోతాండాడు. ఆవులకు మేతెవురేసినారు? బోరుకాడికి ఎవురు పోయినారు? ఆ యేషంలో సగం నాదేలే నాయనా."

ఇంత సూటిగా ఏ సిద్ధాంత గ్రంథమూ నాకు చెప్పలేదు. రాఘవ సాయంత్రాల వెనుక, సోమయాజులు ఒద్దికల వెనుక, మా నాయన మూడు నెలల వెనుక, వంటగదిలోనూ గొడ్లచావిట్లోనూ తీరిక లేని మరొక మనిషి వుంది. నడివయసులో పురుషుడికి పిల్లల బాధ్యత తీరుతుంది. స్త్రీకి మనుమల బాధ్యత మొదలవుతుంది. వీధినాటకంలో ద్రౌపది వేషాన్ని తరతరాలుగా మగవాళ్లే కట్టారు. ఇప్పుడు కొన్ని చోట్ల స్త్రీలను పిలిపిస్తున్నారు. కాని వాళ్లు కూలికి వచ్చే వృత్తి కళాకారిణులు. మా నాయన ఈడు గల వూరి ఆడమనిషి, సరదాపడి, ఎదురిచ్చి, వేదిక ఎక్కిన సందర్భం మా వూళ్లో నేను చూడలేదు.

దీనికి ఒక మినహాయింపు ఇటీవల తెలంగాణనుంచి వచ్చింది. జగిత్యాల ప్రాంతం లంబాడిపల్లెకు చెందిన గంగవ్వ కూలి పని చేసింది, బీడీలు చుట్టింది. చదువు లేదు. తమ వూరి యువకులు యూట్యూబ్ కోసం తీసిన చిత్రాల్లో నటించి పేరు పొందింది. 2019లో మల్లేశం సినిమాలో కనిపించింది. 2020లో బిగ్ బాస్ ఆటలోకి పోయింది. ఆమె నటనలో శిక్షణ జాడ లేదు. బతుకు జాడ నిండుగా వుంది. నాటకసమాజపు గడప, స్టూడియో గేటు దాటనక్కర లేకుండా, ఆమె ఇంటి ముంగిటికే కెమెరా పోయింది కాబట్టి ఇది సాధ్యమైంది. సాధనం చేతికి దగ్గరైతే ప్రతిభ ఎక్కడెక్కడినుంచి లేస్తుందో చెప్పడానికి ఆమె సాక్ష్యం చాలు. అయితే ఆ సాధనం యజమాని ఎక్కడో వున్న కంపెనీ అన్న సంగతి మరచిపోరాదు. ఒక గంగవ్వను పైకి తెచ్చిన యంత్రమే వేలమంది శ్రమను ఉచితంగా వాడుకుంటున్నది. బీడీల కంపెనీ వేల చొప్పున లెక్కపెట్టి కూలి ఇచ్చేది; ఈ కంపెనీ చూపులను లెక్కపెడుతుంది.

ఈ చరిత్రంతా చూసిన తర్వాత మన కర్తవ్యం ఏమిటి? యౌవనంలో రాసిన ఒక గ్రంథంలో మార్క్స్, ఎంగెల్స్ ఒక సమాజాన్ని ఊహించారు. అక్కడ మనిషి ఒకే పనికి బందీ కాడు. చిత్రకారుడనే ప్రత్యేక జాతి వుండదు, ఇతర పనులతో బాటు బొమ్మలు కూడా వేసే మనుషులు వుంటారు. ఆ సమాజం ఎంత దూరాన వుందో నాకు తెలియదు గాని, దాని పోలిక మాత్రం మా వూరి వీధిలో, అసంపూర్ణంగా, అన్యాయాలతో కలిసి, ఒక రాత్రిపాటు కనిపిస్తుంది. దున్నేవాడు రాజవుతాడు, తెల్లారి మళ్లీ దున్నుతాడు. దాన్ని జానపదమని అద్దాల బీరువాలో పెట్టడం ఒక తప్పు. వృద్ధుడి ముచ్చటగా నవ్వి వదిలేయడం ఇంకో తప్పు. మొదటి తప్పు మన విశ్వవిద్యాలయాలు చేస్తున్నాయి; రెండోది నేను చేశాను.

ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నాది ఒక మనవి. మన కళాశాల నాటక పోటీల్లో వయోపరిమితి వుంటుంది. ఆ వేదిక మీదికి ఏడాదికొక్క రోజైనా ఊరి వేషధారులను పిలవండి. సన్మానించి శాలువా కప్పి పంపడానికి కాదు, పాఠం చెప్పించడానికి. వాళ్లకు బాడుగ, భోజనం, కూలి లెక్కగట్టి ఇవ్వండి. వాళ్ల నోటుపుస్తకాల్లోని పాఠాలను రాసుకోండి. ఎనిమిది గంటల పని దినం కోసం పోరాడిన కార్మికవర్గం కూలి కోసం మాత్రమే పోరాడలేదు, మిగిలిన గంటల కోసం కూడా పోరాడింది. ఆ మిగిలిన గంటలు ప్లీడరుకూ, అధికారికీ మాత్రమే కాక, కలుపు తీసే మనిషికీ, పాలు పితికే మనిషికీ దక్కేదాకా మన రంగస్థల చరిత్ర సగమే రాసినట్టు.

ఈ ఏడు మళ్లీ ఒద్దికలు మొదలయ్యాయి. మా నాయనకు ఈసారి కూడా ధర్మరాజు వేషమే. నేను సెలవు పెట్టి వారం రోజులు వూరికి పోతున్నాను. నాటకం చూడడానికి ఒక్క రాత్రి చాలు. మిగతా సాయంత్రాలు ఆవులకు మేత వేయడానికి. మా అమ్మ అప్పుడైనా ఒద్దికల దగ్గర కూర్చుంటుందో లేదో ఆమె ఇష్టం. కూర్చోవడానికి కాలమంటూ ముందు ఆమె చేతిలో పెట్టాలి గదా.